స్లీప్ స్టడీ: ఆ రాత్రి ల్యాబ్‌లో ఏం జరుగుతుంది? నిద్ర పట్టకపోతే పరీక్ష వృథా అవుతుందా?

''ఒంటి నిండా వైర్లు తగిలించి, ఎదురుగా కెమెరా పెట్టి నిద్రపొమ్మంటే ఎవరికి పడుతుంది?''

స్లీప్ స్టడీ చేయించుకోవాలని డాక్టర్ చెప్పగానే చాలామందికి వచ్చే మొదటి సందేహం ఇదే. ఆ సందేహం దగ్గరే ఆగిపోయి, పరీక్షను నెలల తరబడి వాయిదా వేసేవారూ ఉంటారు.

నిజానికి ఈ పరీక్షకు ఇంట్లో పడుకున్నంత హాయిగా పడుకోవాల్సిన అవసరం లేదు. కొన్ని గంటల కలత నిద్ర నుంచి కూడా డాక్టర్లకు కావాల్సిన సమాచారం చాలావరకు దొరుకుతుంది. ఆ సమాచారం లేకుండా మిగిలిపోవడమే అసలు ప్రమాదం.

మరి ఆ రాత్రి ఏం జరుగుతుంది? దేనికి సిద్ధపడి వెళ్లాలి? రిపోర్టులోని అంకెలను ఎలా అర్థం చేసుకోవాలి?

గురక పెడితే గాఢనిద్రలో ఉన్నట్టేనా?

'గుర్రు పెట్టి నిద్రపోయాడు' అంటే మన వాడుకలో ఒళ్లు తెలియని నిద్ర అని అర్థం. పగలంతా కష్టపడిన మనిషి గురక పెడుతుంటే, పాపం అలసిపోయాడులే అని ఇంట్లోవాళ్లు దుప్పటి కప్పి వెళ్లిపోతారు.

వైద్యులు దీన్ని మరోలా చూస్తారు. గొంతు వెనుక భాగంలో గాలి వెళ్లే దారి ఇరుకైనప్పుడు అక్కడి మెత్తటి కండ అదిరి గురక వస్తుంది. గురక పెట్టే అందరికీ జబ్బు ఉండదు. అనుమానించాల్సింది గురక మధ్యలో వచ్చే నిశ్శబ్దాన్ని. పెద్దగా వినిపిస్తున్న గురక ఉన్నట్టుండి ఆగి, కొన్ని సెకన్ల తర్వాత ఉక్కిరిబిక్కిరైనట్టు ఊపిరి అందుకుని మళ్లీ మొదలైతే, మధ్యలో శ్వాస ఆగి ఉండొచ్చు.

ఇలా పదేపదే జరగడాన్ని అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా అంటారు. నిద్రలో గొంతు కండరాలు సడలి, నాలుక వెనక్కి జారి, గాలి దారి మూసుకుపోతుంది. ఛాతీ, పొట్ట ఊపిరి కోసం ప్రయత్నిస్తూనే ఉంటాయి, గాలి మాత్రం లోపలికి వెళ్లదు. రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది. మెదడు దీన్ని పసిగట్టి మనిషిని కొద్ది సెకన్లపాటు నిద్రలోంచి లేపుతుంది. దారి తెరుచుకుంటుంది. మళ్లీ నిద్ర పడుతుంది, మళ్లీ అదే జరుగుతుంది. జబ్బు తీవ్రంగా ఉన్నవారిలో ఒక్క రాత్రిలోనే ఇది వందల సార్లు జరగొచ్చు. తెల్లారేసరికి వాటిలో ఒక్కటీ గుర్తుండదు.

అందుకే తనకు ఈ సమస్య ఉందని అందరికంటే ఆలస్యంగా తెలిసేది రోగికే. ముందుగా గమనించేది పక్కన పడుకునే భార్యో, భర్తో, లేదా రైల్లో పక్క బెర్తులోని ప్రయాణికుడో.

సంగీత దర్శకుడు బప్పీ లహరి 2022 ఫిబ్రవరిలో ముంబయిలో మరణించినప్పుడు, అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా కారణంగా ఆయన చనిపోయారని చికిత్స చేసిన ఆస్పత్రి డాక్టర్ మీడియాకు చెప్పారు. ఆయనకు ఇతర ఆరోగ్య సమస్యలూ ఉన్నాయి. 'సింహాసనం', 'గ్యాంగ్ లీడర్' సినిమాల పాటలతో తెలుగువారికి దగ్గరైన ఆయన మరణంతో ఈ జబ్బు పేరు వార్తల్లోకి వచ్చింది.

ఇది అరుదైన సమస్యేమీ కాదు. 30 నుంచి 69 ఏళ్ల మధ్య వయసువారిలో ప్రపంచవ్యాప్తంగా సుమారు 93.6 కోట్ల మందికి ఏదో ఒక స్థాయిలో స్లీప్ ఆప్నియా ఉండొచ్చని 2019లో 'లాన్సెట్ రెస్పిరేటరీ మెడిసిన్' జర్నల్‌లో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. భారత్‌లో పనిచేసే వయసులో ఉన్నవారిలో సుమారు 10.4 కోట్ల మందికి ఇది ఉండొచ్చని దిల్లీ ఎయిమ్స్ పరిశోధకులు 2023లో లెక్కగట్టారు.

అధిక రక్తపోటు, గుండె లయ తప్పడం, పక్షవాతం, మధుమేహం వంటి వాటితో స్లీప్ ఆప్నియాకు సంబంధం ఉన్నట్లు పరిశోధనల్లో తేలింది. పగటిపూట ముంచుకొచ్చే మగత మరో ప్రమాదం. స్టీరింగ్ పట్టుకున్నవారికి ఒక్క కునుకు చాలు.

ఈ పరీక్ష ఎవరికి రాస్తారు?

పల్మనాలజిస్టులు, ఈఎన్‌టీ వైద్యులు, న్యూరాలజిస్టులు, కార్డియాలజిస్టులు ఈ పరీక్షను సూచిస్తుంటారు. పెద్ద గురక, నిద్రలో ఊపిరి ఆగడం, ఎంతసేపు పడుకున్నా తీరని అలసట, పొద్దున్నే తలనొప్పి, రాత్రి పలుమార్లు మూత్రానికి లేవడం, మూడు నాలుగు మందులు వాడుతున్నా అదుపులోకి రాని బీపీ.. వీటిలో కొన్ని కలిసి కనిపిస్తే అనుమానం బలపడుతుంది.

పరీక్షకు ముందు డాక్టర్ కొన్ని ప్రశ్నలు అడుగుతారు. ఎక్కువగా వాడేది ఎప్‌వర్త్ స్కేల్. చదువుతున్నప్పుడు, టీవీ చూస్తున్నప్పుడు, భోజనం తర్వాత ఖాళీగా కూర్చున్నప్పుడు, కారు ట్రాఫిక్‌లో ఆగినప్పుడు.. ఇలా 8 సందర్భాల్లో కునుకు పట్టే అవకాశం ఎంతో 0 నుంచి 3 వరకు మార్కులు వేసుకోవాలి. మొత్తం 24కి 10 దాటితే పగటి మగత ఎక్కువగా ఉన్నట్టు లెక్క. ఈ ప్రశ్నలకు జవాబు చెప్పేటప్పుడు పక్కన ఇంట్లోవాళ్లు ఉంటే మంచిది. 'నేనెప్పుడు పడుకున్నాను?' అని రోగి అనే చోట, 'రోజూ పేపర్ పట్టుకునే తూగుతారు కదా' అని సరిదిద్దేది వాళ్లే.

లావుగా ఉన్నవారికే ఇది వస్తుందనుకోవడం సరికాదు. బరువు పెద్ద కారణమే. కానీ దవడ నిర్మాణం, మెడ చుట్టుకొలత, టాన్సిల్స్, వయసు కూడా ముఖ్యమే. మహిళల్లో పెద్ద గురక లేకుండా నీరసం, నిద్రలేమి, తలనొప్పి మాత్రమే కనిపించొచ్చు. మెనోపాజ్ తర్వాత వారిలో ముప్పు పెరుగుతుంది.

స్లీప్ ఆప్నియా కోసమే కాకుండా, నిద్రలో కాళ్లు పదేపదే కదలడం, కలలో చేస్తున్న పనిని చేతులతో, కాళ్లతో చేసేయడం, రాత్రిపూట వచ్చే ఫిట్స్, నార్కోలెప్సీ వంటి వాటిని నిర్ధరించడానికి కూడా ఈ పరీక్ష చేస్తారు. కేవలం నిద్ర పట్టడం లేదన్న సమస్యకైతే సాధారణంగా ఇది అవసరం లేదు. అక్కడ మాటల ద్వారా రాబట్టే వివరాలు, నిద్ర డైరీ ఎక్కువగా పనికొస్తాయి.

ఇంట్లోనా? ల్యాబ్‌లోనా?

స్లీప్ స్టడీలను నాలుగు స్థాయులుగా విభజిస్తారు. ఆస్పత్రి కాగితం మీద 'లెవెల్ 1', 'లెవెల్ 3' అని రాసి ఉండేది దీని గురించే.

లెవెల్ 1 అంటే ల్యాబ్‌లో, టెక్నీషియన్ రాత్రంతా గమనిస్తుండగా చేసే పూర్తి పరీక్ష. దీని పేరు పాలిసోమ్నోగ్రఫీ. లెవెల్ 2లో దాదాపు అవే సెన్సర్లు ఉంటాయి, టెక్నీషియన్ ఉండరు. లెవెల్ 3లో శ్వాస, ఆక్సిజన్, గుండె వేగం మాత్రమే నమోదవుతాయి. ఇంట్లో చేసే పరీక్షల్లో ఎక్కువ భాగం ఇదే. లెవెల్ 4లో ఒకటి రెండు అంశాలే ఉంటాయి. వాటిలో ప్రధానమైనది ఆక్సిజన్.

ఇంటి పరీక్ష ఖర్చు తక్కువ, సొంత మంచం మీదే పడుకోవచ్చు. స్లీప్ ఆప్నియా ఉండే అవకాశం బలంగా కనిపిస్తూ, ఇతర పెద్ద జబ్బులు లేని పెద్దవారికి ఇది సరిపోతుంది. కానీ దీనిలో ఒక లోపం ఉంది. మెదడు తరంగాలను నమోదు చేయదు కాబట్టి మీరు నిద్రపోయారో, మెలకువగా దొర్లుతున్నారో ఆ పరికరానికి తెలియదు.

ఒక ఉదాహరణ చూద్దాం. పరికరం 7 గంటలు పనిచేసింది, మీరు నిద్రపోయింది 4 గంటలే, ఆ సమయంలో శ్వాసకు 80 సార్లు ఆటంకం కలిగింది అనుకుందాం. ఇంటి పరికరం 80ని 7తో భాగించి గంటకు సుమారు 11 అంటుంది. నిజానికి నిద్రపోయిన 4 గంటలతో భాగిస్తే గంటకు 20. మొదటి లెక్కలో జబ్బు స్వల్పం, రెండో లెక్కలో మధ్యస్థం.

అందుకే ఇంటి పరీక్షలో ఏమీ లేదని వచ్చినా, లక్షణాలు గట్టిగా ఉంటే ల్యాబ్‌లో మళ్లీ పరీక్షించాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. తీవ్రమైన గుండె, ఊపిరితిత్తుల జబ్బులు, కండరాల బలహీనత ఉన్నవారికి, పక్షవాతం వచ్చినవారికి, మార్ఫిన్ తరహా నొప్పి మందులు దీర్ఘకాలంగా వాడుతున్నవారికి మొదటి నుంచే ల్యాబ్ పరీక్ష మేలు.

స్మార్ట్‌వాచ్‌ల సంగతేంటి? స్లీప్ ఆప్నియా లక్షణాలను గుర్తించే ఫీచర్లకు అమెరికా ఎఫ్‌డీఏ 2024లో శాంసంగ్, యాపిల్ సంస్థలకు అనుమతి ఇచ్చింది. ఇవి హెచ్చరించగలవు తప్ప జబ్బును నిర్ధరించలేవు. వాచ్ ఏమీ చెప్పలేదని నిశ్చింతగా ఉండటానికీ లేదు.

వెళ్లే ముందు ఏం చేయాలి?

మన దగ్గర అన్నిటికంటే ముందు చెప్పాల్సిన జాగ్రత్త తలనూనె గురించి. తల మీద అంటించే ఎలక్ట్రోడ్లు నూనె ఉంటే నిలవవు. పరీక్ష రోజు షాంపూతో తలస్నానం చేసి, జుట్టు ఆరబెట్టుకుని వెళ్లాలి. నూనె, కండిషనర్, జెల్ ఏదీ రాయకూడదు. జడలో పూలు, బిగుతైన ముడి వద్దు. ముఖానికి క్రీములు, కాళ్లకు లోషన్లు కూడా ఆ రోజుకు మానేయాలి.

వేలికి పెట్టే ఆక్సిజన్ సెన్సర్ గోరు గుండా వెలుతురు పంపి కొలుస్తుంది. కాబట్టి కనీసం ఒక చేతి గోళ్లకు రంగు ఉండకూడదు. ముక్కుపుడక, ముక్కెర ఉన్నవారికి ముక్కు దగ్గర గొట్టం సరిగా కుదరకపోవచ్చు. తీయగలిగితే తీసి వెళ్లడం, లేదంటే ముందే చెప్పడం మంచిది.

బట్టలు రెండు ముక్కలుగా, వదులుగా ఉంటే వైర్లు పెట్టడం సులువు. ముందు గుండీలున్న చొక్కా, పైజామా సరిపోతాయి. అలవాటైన దిండు లేకపోతే నిద్ర పట్టనివారు దాన్ని వెంట తీసుకెళ్లొచ్చు.

మధ్యాహ్నం తర్వాత కాఫీ, టీలు వద్దు. పగటి కునుకు వద్దు. మద్యం అసలే వద్దు, అది గొంతు కండరాలను మరింత సడలించి ఫలితాన్ని మార్చేస్తుంది. రాత్రి భోజనం చేసే వెళ్లాలి, ఖాళీ కడుపుతో ఉండాల్సిన పరీక్ష కాదిది.

రోజూ వేసుకునే మందులను సొంతంగా ఆపేయకూడదు. బీపీ, షుగర్ మందులు వెంట తీసుకెళ్లాలి. నిద్రమాత్రలు, మానసిక సమస్యలకు వాడే మందుల విషయంలో మాత్రం ఏం చేయాలో పరీక్ష రాసిన డాక్టర్‌నే అడగాలి.

నైట్ షిఫ్టుల్లో పనిచేసేవారు అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ఆ మాట చెప్పాలి. తెల్లవారుజామున 4 గంటలకు పడుకోవడం అలవాటైన వ్యక్తిని రాత్రి 10 గంటలకు పడుకోబెడితే నిద్ర పట్టదు. మీరు రోజూ పడుకునే వేళకు దగ్గరగా పరీక్ష చేయగలరా అని అడగండి.

మహిళలు తమకు మహిళా టెక్నీషియన్ కావాలని ముందుగానే కోరవచ్చు. తోడుగా ఒకరిని ఉండనిస్తారా, కెమెరా రికార్డింగ్ ఎవరు చూస్తారు, ఎంతకాలం ఉంచుతారు అన్నవి కూడా అడగదగ్గ ప్రశ్నలే.

ఎన్ని వైర్లు? ఎక్కడెక్కడ?

సాధారణంగా రాత్రి 7 నుంచి 9 గంటల మధ్య రమ్మంటారు. గది మామూలు ఆస్పత్రి గదిలాగే ఉంటుంది, మంచం తలవైపు గోడకు ఒక చిన్న పెట్టె, పైన కెమెరా అదనం. సెన్సర్లు అమర్చడానికి 45 నిమిషాల నుంచి గంట వరకు పడుతుంది.

టెక్నీషియన్ టేపుతో తలను కొలిచి, గుర్తులు పెట్టి, ఆ చోట చర్మాన్ని గరుకు జెల్‌తో కొద్దిగా రుద్ది, చిన్న బిళ్లల్లాంటి ఎలక్ట్రోడ్లను పేస్టుతో అంటిస్తారు. ఇవి మెదడు తరంగాలను నమోదు చేస్తాయి. జుట్టు కత్తిరించరు.

కళ్ల పక్కన పెట్టేవి కనుగుడ్ల కదలికను, గడ్డం కింద పెట్టేవి కండరాల బిగువును పట్టుకుంటాయి. మీరు నిద్రపోయారా, ఏ దశలో ఉన్నారు అన్నది ఈ మూడింటిని కలిపి నిర్ణయిస్తారు. పిక్కల దగ్గర, మోకాలి కింద ముందు భాగంలో పెట్టేవి కాళ్ల కదలికల కోసం. ఛాతీ మీద ఈసీజీ ఉంటుంది.

ఛాతీకి ఒకటి, పొట్టకు ఒకటి సాగే బెల్టులు కడతారు. ముక్కు రంధ్రాల దగ్గర సన్నని గొట్టం, దానితోపాటు వేడిని గుర్తించే చిన్న తీగ ఉంటాయి. గాలి ఆగినా బెల్టులు కదులుతుంటే గొంతు దగ్గర అడ్డంకి ఉన్నట్టు. గాలితోపాటు బెల్టులూ ఆగిపోతే, ఊపిరి తీసుకోమన్న ఆదేశమే మెదడు నుంచి రాలేదన్నమాట. రెండోదాన్ని సెంట్రల్ స్లీప్ ఆప్నియా అంటారు. దానికి కారణాలూ, చికిత్సా వేరు. గురక విని చెప్పలేని ఈ తేడాను బెల్టులు చెబుతాయి.

ఈ వైర్లన్నీ శరీరం నుంచి వచ్చే సంకేతాలను నమోదు చేసేవే. వీటి వల్ల షాక్ కొట్టదు. సూదులు ఉండవు, రక్తం తీయరు, మత్తు ఇవ్వరు.

లైట్లు ఆర్పేశాక..

పడుకున్నాక స్పీకర్‌లో టెక్నీషియన్ గొంతు వినిపిస్తుంది. ''కళ్లు పైకి తిప్పండి, కిందికి తిప్పండి, ఐదుసార్లు ఆర్పండి, పళ్లు బిగించండి, ఎడమ పాదం కదపండి, గురక పెట్టినట్టు శబ్దం చేయండి'' అంటూ కొన్ని పనులు చేయిస్తారు. సెన్సర్లు సరిగా పనిచేస్తున్నాయో లేదో చూసుకోవడానికే ఇదంతా.

తర్వాత లైట్లు ఆర్పుతారు. చీకట్లోనూ కనిపించే కెమెరా పనిచేస్తూ ఉంటుంది. టెక్నీషియన్ పక్క గదిలో తెర ముందు కూర్చుంటారు. మీరు పక్కకు తిరగొచ్చు, బోర్లా పడుకోవచ్చు. వైర్లు ఊడతాయని కట్టెలా బిగుసుకుని పడుకోవాల్సిన పని లేదు. ఏదైనా ఊడితే టెక్నీషియన్ వచ్చి మెల్లగా సరిచేసి వెళ్తారు. కొంతసేపైనా వెల్లకిలా పడుకోమని అడగొచ్చు. చాలామందిలో ఆ భంగిమలోనే ఊపిరి ఎక్కువగా ఆగుతుంది.

బాత్‌రూమ్‌కు వెళ్లాలంటే పిలిస్తే చాలు. వైర్లన్నీ ఒక చిన్న పెట్టెకు కలిసి ఉంటాయి. దాన్ని గోడ నుంచి విడదీసి మీ చేతికో, మెడకో ఇస్తారు. వచ్చాక మళ్లీ కలుపుతారు.

నిద్ర పట్టకపోతే?

కొత్త చోట మొదటి రాత్రి నిద్ర సరిగా పట్టకపోవడం ఎంత సహజమంటే, దానికి 'ఫస్ట్ నైట్ ఎఫెక్ట్' అని శాస్త్రవేత్తలు పేరే పెట్టారు. నిద్ర ఆలస్యంగా పట్టడం, మధ్యలో మెలకువ రావడం, కలలు వచ్చే దశ తగ్గడం దీని లక్షణాలు. రిపోర్టు చూసే డాక్టర్ దీన్ని లెక్కలోకి తీసుకునే చదువుతారు.

ఉదయం లేచాక 'రాత్రంతా కన్ను మూయలేదు' అని చెప్పేవారిలో కూడా రికార్డింగ్ చూస్తే కొన్ని గంటల నిద్ర కనిపించడం మామూలే. మెలకువ వచ్చిన క్షణాలు గుర్తుంటాయి, నిద్రపోయిన గంటలు గుర్తుండవు. జబ్బు తీవ్రంగా ఉంటే రెండు గంటల నిద్రలోనే అది బయటపడుతుంది.

అయితే మరీ తక్కువగా నిద్రపోతే, లేదా కలల దశే రాకపోతే, జబ్బు తీవ్రత తక్కువగా కనిపించే అవకాశం ఉంది. అప్పుడు మరో రాత్రి పరీక్ష చేయాల్సి రావచ్చు. దాన్ని మీ తప్పుగా భావించనక్కర్లేదు.

అర్ధరాత్రి మాస్క్ పెడతారా?

కొందరిని రాత్రి మధ్యలో లేపి ముక్కుకు మాస్క్ తగిలిస్తారు. ముందే తెలియకపోతే ఇది భయపెడుతుంది, ఏదో ప్రాణం మీదికి వచ్చిందనిపిస్తుంది. దీన్ని 'స్ప్లిట్ నైట్' పరీక్ష అంటారు. మొదటి రెండు గంటల నిద్రలోనే గంటకు 40 లేదా అంతకు మించి ఆటంకాలు కనిపిస్తే, మిగిలిన రాత్రిని చికిత్స పరీక్షకు వాడుకుంటారు. దీనికి కనీసం 3 గంటల సమయం మిగిలి ఉండాలి. అలా కుదరకపోతే దానికోసం మరో రాత్రి రమ్మంటారు.

ఆ మాస్క్ సీప్యాప్ యంత్రానిది. ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సలివన్ బృందం 1981లో దీన్ని ప్రపంచానికి పరిచయం చేసింది. ఇది ఆక్సిజన్ సిలిండర్ కాదు. గదిలోని గాలినే కొంత ఒత్తిడితో పంపి, గొంతు దారి మూసుకుపోకుండా నిలబెడుతుంది. ఒత్తిడిని కొద్దికొద్దిగా పెంచుతూ, ఎక్కడ ఊపిరి ఆగకుండా ఉంటుందో టెక్నీషియన్ కనిపెడతారు. మాస్క్ బిగుతుగా ఉన్నా, గాలి కళ్లలోకి కొడుతున్నా అప్పుడే చెప్పాలి. రకరకాల సైజులు ఉంటాయి.

ఉదయం ఏం జరుగుతుంది?

సాధారణంగా 5 నుంచి 6 గంటల మధ్య లేపుతారు. సెన్సర్లు తీయడానికి కొద్ది నిమిషాలు చాలు. జుట్టులో మిగిలిన పేస్టు గోరువెచ్చని నీళ్లతో పోతుంది. చర్మం మీద ఎర్రటి గుర్తులుంటే కాసేపట్లో తగ్గుతాయి. రాత్రి సరిగా నిద్రపోయి ఉండరు కాబట్టి, ఇంటికి బండి మీరే నడుపుకుంటూ వెళ్లకపోవడం మంచిది.

నార్కోలెప్సీ అనుమానం ఉన్నవారిని మాత్రం పగలు కూడా ఉంచుతారు. రెండేసి గంటల విరామంతో నాలుగైదు సార్లు 20 నిమిషాలు పడుకోబెట్టి, ఎంత త్వరగా నిద్ర పడుతుందో, ఏ దశలోకి వెళ్తుందో చూస్తారు.

ఫలితం ఏమిటని టెక్నీషియన్‌ను అడిగితే సాధారణంగా చెప్పరు, చెప్పకూడదు కూడా. రికార్డింగ్‌ను 30 సెకన్ల ముక్కలుగా విడదీసి ఒక్కో ముక్కను పరిశీలిస్తారు. 8 గంటల రికార్డింగ్ అంటే 960 ముక్కలు. ఆ తర్వాత డాక్టర్ చూసి సంతకం చేయాలి. అందుకే రిపోర్టుకు కొన్ని రోజులు పడుతుంది.

రిపోర్టులో ఏం చూడాలి?

అందరూ ముందు చూసేది ఏహెచ్‌ఐ. గంట నిద్రలో ఎన్నిసార్లు ఊపిరి ఆగింది లేదా బాగా తగ్గింది అన్నదే ఈ అంకె. కనీసం 10 సెకన్లు కొనసాగిన వాటినే లెక్కిస్తారు. పెద్దవారిలో 5 కంటే తక్కువైతే సాధారణం. 5 నుంచి 15 లోపు స్వల్పం, 15 నుంచి 30 లోపు మధ్యస్థం, 30, ఆపైన తీవ్రం. పిల్లలకు ఈ కొలతలు వర్తించవు, వారిలో గంటకు 1 దాటినా పట్టించుకోవాల్సిందే.

కానీ ఈ ఒక్క అంకెతో తీర్పు చెప్పుకోకూడదు. 10 సెకన్లు ఊపిరి ఆగినా ఒకటే లెక్క, నిమిషం ఆగినా ఒకటే లెక్క. అందుకే దాని పక్కనే ఉండే మరికొన్ని వివరాలు చూడాలి. ఆక్సిజన్ కనిష్ఠంగా ఎంతకు పడిపోయింది? 90 శాతం కంటే తక్కువగా ఎంతసేపు ఉంది? వెల్లకిలా పడుకున్నప్పుడు ఏహెచ్‌ఐ ఎంత, పక్కకు తిరిగినప్పుడు ఎంత? కలలు వచ్చే రెమ్ దశలో ఎంత?

ఉదాహరణకు, మొత్తం ఏహెచ్‌ఐ 8 మాత్రమే ఉండి, రెమ్ దశలో 35 ఉండొచ్చు. ఆ దశలో శరీర కండరాలు దాదాపు చచ్చుబడి ఉంటాయి కాబట్టి గొంతు సులువుగా మూసుకుపోతుంది. అలాగే వెల్లకిలా ఉన్నప్పుడే సమస్య ఉండి, పక్కకు తిరిగితే లేదంటే, చికిత్స అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు.

వీటితోపాటు మొత్తం నిద్ర సమయం కూడా చూడాలి. గంటన్నర నిద్రతో 'సాధారణం' అని వచ్చిన రిపోర్టుకూ, ఆరు గంటల నిద్రతో వచ్చిన రిపోర్టుకూ ఒకే విలువ ఉండదు.

ఖర్చు, బీమా సంగతేంటి?

ప్రైవేటు ఆస్పత్రుల్లో ల్యాబ్ పరీక్షకు వేల రూపాయల్లో ఖర్చవుతుంది. నగరాన్ని, ఆస్పత్రిని, గదిని బట్టి మారుతుంది. మాస్క్ పరీక్షకు విడిగా తీసుకుంటారా, రెండో రాత్రి అవసరమైతే ఎంత అన్నది బుక్ చేసుకునేటప్పుడే అడగాలి. దిల్లీ ఎయిమ్స్, బెంగళూరులోని నిమ్‌హాన్స్ వంటి ప్రభుత్వ సంస్థల్లోనూ ఈ పరీక్ష చేస్తారు.

బీమా ఉంది కదా అని ధీమాగా వెళ్లొద్దు. కేవలం పరీక్షల కోసమే ఆస్పత్రిలో చేరితే ఆ ఖర్చు చెల్లించబోమన్నది ఆరోగ్య బీమా పాలసీల్లో ఉండే ప్రామాణిక మినహాయింపుల్లో ఒకటి. రాత్రి ఆస్పత్రిలో పడుకున్నా, స్లీప్ స్టడీ ఆ కోవలోకి వచ్చే అవకాశం ఎక్కువ. సీప్యాప్ యంత్రం ఖర్చు సంగతి కూడా విడిగా అడిగి తెలుసుకోవాలి. పాలసీ పత్రం చూసి, బీమా సంస్థ నుంచి రాతపూర్వకంగా జవాబు తీసుకోవడం మేలు.

మరో జాగ్రత్త కూడా అవసరం. ఇంటికి వచ్చి పరీక్ష చేసేవారే యంత్రాన్ని కూడా అమ్ముతుంటే, ఆ రిపోర్టు సాఫ్ట్‌వేర్ దానంతటదే ఇచ్చిందా, లేక నిద్ర వైద్యంలో శిక్షణ ఉన్న డాక్టర్ రికార్డింగ్ చూసి సంతకం చేశారా అని అడగండి. రెండోది కాకపోతే, యంత్రం కొనేముందు ఆ రిపోర్టును ఒక డాక్టర్‌కు చూపించడం మీ హక్కు.

రిపోర్టు వచ్చాక ఏంటి?

జబ్బు ఉందని తేలిన ప్రతి ఒక్కరికీ జీవితాంతం మాస్క్ తప్పదని కాదు. స్వల్పంగా ఉన్నవారికి బరువు తగ్గడం, పక్కకు తిరిగి పడుకోవడం, మద్యం మానడం, దవడను కొద్దిగా ముందుకు నిలిపే పంటి పరికరం సరిపోవచ్చు. పిల్లల్లో టాన్సిల్స్, అడినాయిడ్స్ కారణమైతే శస్త్రచికిత్స మొదటి మార్గం. మధ్యస్థ, తీవ్ర స్థాయుల్లో సీప్యాప్‌నే ఎక్కువగా సూచిస్తారు.

సీప్యాప్ ఏం చేయగలదో, ఏం చేయలేదో కూడా తెలుసుకోవాలి. క్రమం తప్పకుండా వాడేవారిలో గురక, పగటి మగత తగ్గుతాయి, బీపీ కొంత మెరుగుపడుతుంది. గుండెపోటు, పక్షవాతాలను ఆపగలదా అని చూసిన 'సేవ్' అనే పెద్ద అధ్యయనంలో మాత్రం అలాంటి ప్రయోజనం రుజువు కాలేదు. 2016లో వెలువడిన ఆ అధ్యయనంలో పాల్గొన్నవారు సగటున రాత్రికి మూడున్నర గంటల లోపే యంత్రం వాడారు. అంటే యంత్రం కొనడంతో పని అయిపోదు. అది బీరువా మీదకు చేరకుండా చూసుకోవాలి. మాస్క్ ఇబ్బంది పెడితే మానేయడం కాదు, మార్చుకోవాలి.

డాక్టర్ దగ్గరికి రిపోర్టుతో వెళ్లినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. నేను ఎన్ని గంటలు నిద్రపోయాను, ఆ నిద్ర ఈ నిర్ధరణకు సరిపోతుందా? నా సమస్య ఏ భంగిమలో, ఏ దశలో ఎక్కువగా ఉంది? చికిత్స పనిచేస్తోందని ఎప్పుడు, ఎలా తెలుస్తుంది? ఈలోగా పగటిపూట ఆపుకోలేని మగత వస్తుంటే, చికిత్స మొదలై అది తగ్గేవరకు బండి నడపకపోవడమే మంచిది.